సోమవారం తెల్లారి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నెల్లికుదురు మొత్తానికి తెలుసు. మా అమ్మ సత్తెమ్మ ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్లకంటే ముందు ఆ సంగతే అందిస్తుంది. "మా సుమిత్రతోని జర పైలంగ మాట్లాడుండ్రి" అని. సరే, కోపిష్టిదాన్నే. కానీ ద్వాళి లాంటి మనిషికి ఒక్క నెల చదువు చెప్పి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పదో తరగతి పాసయ్యాక ఇంట్లో కూర్చోబుద్ధి కాక, మా ఊరికి దగ్గరలోని తండాలో వయోజన విద్యా కేంద్రం నడపడానికి ఒప్పుకున్నాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డప్పుడు, చదవడానికి ఏమీ దొరక్క సబ్బు మీది కాగితం, ఎరువు సంచి మీది రాత కూడా చదివిన పిల్లను నేను. అంత పిచ్చి. ఆ పిచ్చిని తండా ఆడవాళ్లకు కూడా అంటించాలని నా ఉబలాటం. అంతకుముందు మా అమ్మకే అంటించాలని చూశాను. "పొయ్యికాడ కూసునేదానికి నాకెందుకే అక్షరాలు" అని పలకను చేట కింద దాచేసింది.

తండాలో ఇంటి భాష లంబాడీ. తెలుగు వాళ్లకు అంగడి భాష. బేరానికి, బస్సుకు, దవాఖానకు సరిపడా ఉంటుంది, అంతే. అక్షరాలు నేర్పడం కష్టం కాలేదు. వానాకాలం పోయేసరికి గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చేశాయి. పాఠం తెరిస్తే చాలు, అందరూ ఒకే రాగంలో గడగడా చదివేసేవారు. నేను పొంగిపోయి, "మంచిగ చదివిన్రు. ఇప్పుడు చెప్పుండ్రి, ఏం చదివిన్రు?" అని అడిగేదాన్ని.

"పాఠం చదివినం అక్కా."

"అరే, పాఠంల ఏమున్నది?"

"అక్షరాలున్నయి అక్కా."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. నోటికి వచ్చింది బుర్రకు ఎక్కడం లేదు. ఆ చదువులో సగం మాటలు వాళ్లు ఎన్నడూ వినని మాటలు మరి.

వాళ్లలో ద్వాళిది వేరే తీరు. తండా నాయకుడు మంగీలాల్ కోడలామె. చదవడం అందరికంటే నిదానం. కానీ ప్రతి మాట దగ్గరా ఆగి, "దీన్నే ఇంకెట్లంటరు అక్కా?" అనేది. చెరువు అంటే చాలదు, కుంట కావాలి, మడుగు కావాలి. సంతోషం చెప్తే, "ఇంకోటి?" అనేది. సంబురం చెప్తే, "ఇంకోటి లేదా?" అనేది.

"నీ దుంప తెగ! ఒక మాటకు ఒక అర్థం సాలదా? అంగట్ల వంకాయలు ఏరినట్టు ఏరుతున్నవు!" అని కసిరేదాన్ని.

కిసుక్కున నవ్వేది. నవ్వి మళ్లీ అడిగేది.

ఇక్కడ ఒక ఆచారం సంగతి చెప్పాలి. తండాలో కోడలు మామ పేరు పలకదు. ఆయన ఎదుట కొంగు ముఖం మీదికి లాక్కుంటుంది. నేరుగా మాట్లాడదు కూడా. మా ఇళ్లలో మాత్రం లేదా? మా బాపు పేరు వెంకట్రాం. మా అమ్మ ఇన్నేళ్ల కాపురంలో ఆ పేరు నోటితో అన్నది లేదు. తిరుపతి దేవుడు ఆమెకు "కొండ మీదాయన". మా జీతగాడు వెంకన్నకు మనవలున్నారు, అయినా ఆయన్ను "ఓ పిలగా" అనే పిలుస్తుంది. ఆయనా పలుకుతాడు పాపం.

ద్వాళి అయితే మా అమ్మను మించిపోయింది. మామ పేరులోని 'మంగ' అన్న చప్పుడు ఎక్కడ తగిలినా ఆ మాట పక్కన పెట్టేస్తుంది. ఆమె వారంలో మంగళవారం లేదు. "సోమవారం తెల్లారి", అంటే సోమవారం మర్నాడు, ఉంది. తండా అంతటికీ అలవాటైపోయింది. పిల్లలు కూడా, "సోమవారం తెల్లారి వస్తరా అక్కా?" అని నన్ను అడిగేవారు.

ఆ ఏడాది తండాకు బాల్వాడి వచ్చింది. నడపడానికి మరిపెడ నుంచి ఒకమ్మాయిని పంపారు. పాపం మంచి పిల్లే. కానీ ఆమె తెలుగు పిల్లలకు అర్థం కాదు, పిల్లల లంబాడీ ఆమెకు అర్థం కాదు. పొద్దంతా ఒకటే ఏడుపు. చివరికి ఆమె కూడా ఏడ్చి వెళ్లిపోయింది. అప్పుడు బాల్వాడి ఆఫీసు వాళ్లు ఒక మాట చెప్పారు. తండా మనిషినే తీసుకుంటారు, అయితే ఆ మనిషి తెలుగు చదివి, చదివింది అర్థం చేసుకోగలగాలి. పిల్లల కథలు, మందుల సూచనలు అన్నీ తెలుగులోనే వస్తాయి కదా. అలాంటి మనిషి దొరక్కపోతే బాల్వాడిని పెద్దవంగర వైపు ఏదో ఊరికి మార్చేస్తారు.

ద్వాళి మర్నాడు నా దగ్గరికి పరుగున వచ్చింది.

"అక్కా, గా పని నాకే రావాలె. నా బిడ్డ గాడ నీళ్లు కావాలని అడగరాక, గొంతెండి ఏడ్చింది. గా టీచరమ్మకు తెల్వక బెల్లం పెట్టింది. ఇంకింత ఏడ్చింది. ఇగ మా పిల్లల్ల ఎవ్వరు గట్ల ఏడ్వద్దు."

చెప్తూ చెప్తూ తనే ఏడ్చేసింది. నేను చూపు తిప్పుకున్నాను. వెంటనే కోపం తెచ్చుకుని, "ఏడుస్తే వస్తదా పని? పుస్తకం తియ్యి!" అన్నాను. నా మెత్తదనం అంతే.

పరీక్ష పెట్టే రోజు రానే వచ్చింది. ఎండాకాలం పొద్దుట, తండా అంతా ఇప్పపువ్వు ఆరబోసిన వాసన. బాల్వాడి గుడిసె ముందు వేపచెట్టు నీడన మంచం వేసి, దాని మీద దుప్పటి పరిచారు. పరీక్ష పెట్టే అధికారి మనోరమ గారు. జనగామ మనిషి, నిదానస్తురాలు, చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. పరీక్ష పాఠం ఎవరూ ముందే బట్టీ పట్టకూడదని ఆమే స్వయంగా ఒక కథ రాసుకొచ్చారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు పైకి చదవాలి, తర్వాత ఆమె అడిగిన వాటికి జవాబు చెప్పాలి.

పరీక్షకు ఇద్దరే కూర్చున్నారు. ఒకరు ద్వాళి, ఇంకొకరు ఏడో తరగతి పాసైన ధర్మా అనే కుర్రాడు. చూడటానికి మాత్రం తండా మొత్తం వచ్చింది. అందరికంటే ముందు, కొత్త తలపాగా చుట్టుకుని మంగీలాల్ కూర్చున్నాడు.

నేను మనోరమ గారి భుజం మీదుగా కాగితంలోకి తొంగి చూశాను. మొదటి వరుసలోనే 'మంగళవారం'. దాని పక్కనే 'మంగమ్మ'. ఈ జనగామావిడకు రాయడానికి వేరే వారమే దొరకలేదా? వారానికి ఇంకా ఆరు రోజులున్నాయి కదా తల్లీ!

మంగీలాల్ దగ్గరికి వెళ్లి, "నాయకా, నీ ఎడ్లు చేన్ల వడ్డట్టున్నయి" అన్నాను.

"నా ఎడ్లు కొట్టంల ఉన్నయి బిడ్డా. ఇప్పుడే గడ్డేసి వచ్చిన" అని ఇంకా హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కోడలు చదువుతుంటే వినాలని ఆయన ముచ్చట. నేనేం చెయ్యను?

మనోరమ గారు ద్వాళిని వినపడనంత దూరం పంపించి, ముందు ధర్మా చేత చదివించారు. ఒక్క తప్పు లేదు. ఊపిరి కూడా తీసుకోకుండా రైలు పోయినట్టు పోయాడు. ఆ కథ ఇది. మంగళవారం నాడు మంగమ్మ అనే ఆమె సంతకు వచ్చింది. ఆమె గాజులు అమ్ముతుంది. గాజులు పగలకుండా గంపలో గడ్డి పరిచి తెచ్చింది. గంప చెట్టు కింద పెట్టి, మంగళహారతి కళ్లకద్దుకోవడానికి గుడికి వెళ్లింది. వచ్చేసరికి ఒక ముసలమ్మ మేక గంపలోని గడ్డి మొత్తం తినేసి, కొమ్ముకు ఒక ఎర్రగాజు తగిలించుకుని నిలబడి ఉంది. ఆమె తిట్టబోతే ముసలమ్మ అన్నది: "కోప్పడకమ్మా, ఇయ్యాళ నీ మొదటి బేరం నా మేకదే."

"చాలా బాగా చదివావు" అన్నారు మనోరమ గారు. "గాజు ఎవరి కొమ్ముకు ఉంది?"

ధర్మా కాగితం కేసి చూశాడు, ఆకాశం కేసి చూశాడు. "మంగమ్మ కొమ్ముకు" అన్నాడు.

తండా గొల్లుమంది. మంగీలాల్ తలపాగా జారిపోయింది. ధర్మాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడూ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాకు చదువుడొచ్చు మేడం, ఏం చదివిన్నో తెల్వది" అని నిజాయితీగా చెప్పి, పోయి జనంలో కూర్చున్నాడు.

తర్వాత ద్వాళిని పిలిచారు. కొంగు ముఖం మీదికి లాక్కుని కాగితం అందుకుంది. నోరు తెరిచింది, ఆగింది. కొంగు చాటున ఆమె కళ్లు కాగితం మీద కిందికి, మళ్లీ పైకి కదలడం నాకు కనపడుతోంది. మనోరమ గారు పెన్సిలు సిద్ధం చేసుకున్నారు.

"సోమవారం తెల్లవారి" అని మొదలుపెట్టింది ద్వాళి, "గాజులు అమ్మే ఒక ఆమె సంతకు వచ్చింది."

పెన్సిలు గీత పడింది. ఇంకొకటి పడింది.

"గంప చెట్టు కింద పెట్టి, దేవుని ముందట తిప్పిన దీపం కళ్లకద్దుకోవడానికి గుడికి వెళ్లింది."

ఇంకొక గీత. మేక వచ్చినప్పటి నుంచి మాత్రం ద్వాళి ఎక్కడా తడబడలేదు, మేకకు మామ పేరు లేదు కాబట్టి. ముసలమ్మ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతులోనే నవ్వు వినిపించింది. ఆ తర్వాత అడిగిన వాటికన్నింటికీ టకటకా జవాబులు చెప్పింది. మేక గడ్డి ఎందుకు తిన్నదని అడిగితే, "మేక గాజులు తినది గద మేడం" అంది.

ఈలోగా ద్వాళి బిడ్డ వచ్చి తల్లి కొంగు లాగి లంబాడీలో ఏదో అడిగింది. అందరూ ఎందుకు నవ్వుతున్నారని కాబోలు. ద్వాళి పక్కకు తిరిగి, చేతులతో కొమ్ములు పెట్టి చూపిస్తూ చిన్నగా ఆ కథంతా చెప్పింది. చుట్టూ పిల్లలు మూగారు. సరిగ్గా మేక కొమ్ముకు గాజు తగులుకున్న చోట పిల్లలందరూ ఒక్కసారి కిలకిలలాడారు. మనోరమ గారికి లంబాడీ ఒక్క ముక్క రాదు. అయినా ఆమె కూడా నవ్వారు. ఆమె రాసిన కథే కదా, నవ్వు ఎక్కడ రావాలో ఆమెకు తెలుసు.

నవ్వి, కాగితం వైపు చూసి, మళ్లీ పెద్దరికం తెచ్చుకున్నారు.

"అర్థం బాగానే తెలిసింది. కానీ ఉన్నది ఉన్నట్టు చదవలేదు. రానిచోట ఊహించి చెప్తున్నది. రేపు మందు సీసా మీద రాసింది కూడా ఇట్లాగే ఊహించి చెప్తే?"

ఇక నా వల్ల కాలేదు. లేచాను.

"ఊహించుడు కాదు మేడం! ఆమె మామ పేరు గదాంట్ల తగుల్తది. ఎట్లంటది? గాజులమ్మే ఆమె అని మొదటి వరుసల ఎక్కడున్నది? రెండో వరుసల గద ఉన్నది! ఇది ముందట ఏమున్నదో సప్పుడు చెయ్యక చదివి, ఎనకకొచ్చి, గా పేరు జాగల గా మాట వెట్టింది. గట్ల చెయ్యాల్నంటె ఎంత అర్థమై ఉండాలె!"

నోటి నుంచి ఆ మాట వస్తుంటేనే నాకు వెలిగింది. 'దీన్నే ఇంకెట్లంటరు అక్కా?' ఇన్నాళ్లూ ఆ అడగడం అందుకా! ఏ మాట ఎప్పుడు అనకూడని మాటవుతుందో తెలియదు కాబట్టి, ప్రతి మాటకూ ఒక జత మాట దాచుకుంటూ వచ్చిందా! అక్కడికక్కడే దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది.

మనోరమ గారు ఆలోచించారు. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. మా ఇంట్లోనూ ఈ పట్టింపు ఉంది, నాకు తెలవనిది కాదు. కానీ ఆ మాటలు ఆమె తెలిసి దాటేసిందా, చదవరాక దాటేసిందా? నాకెట్లా తెలుస్తుంది చెప్పు?"

మంగీలాల్ లేచి నిలబడ్డాడు. కోడలివైపు చూడకుండా నావైపు చూసి అన్నాడు: "బిడ్డా, ఆమెకు చెప్పు. నా పేరు ఆమె నోట్ల అరిగిపోతదా ఏంది? అనుమను. నేనేమనుకోను. పని పోనియ్యొద్దు."

నేను ద్వాళి దగ్గరికి వెళ్లాను. "ఇన్నవు గద. మీ మామనే అంటుండు. ఒక్కపాలి అనెయ్యి, నా తల్లి."

కొంగు అటూ ఇటూ ఊగింది. "రాదు అక్కా. అనాల్ననే ఉన్నది. నోరు తిరుగతలేదు. నాకు ఈ ఇంటికి వచ్చిన కాడికెళ్లి నాయిన అసుంటోడు ఆయన. నాతోని కాదు."

మనోరమ గారు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆమె ముఖం కూడా చిన్నబోయింది. బాల్వాడి వేరే ఊరికి పోయినట్టే. ద్వాళి బిడ్డ ఒక్కతే ఇంకా తలకు రెండు వేళ్లు పెట్టుకుని మేకలా గెంతుతోంది.

ద్వాళి దానివైపు చూసింది. చూసి, విసురుగా లేచి గుడిసెలోకి వెళ్లింది. అలిగి పోయిందనుకున్నాను. కానీ గోడకు ఆనించి ఉండే నల్లబోర్డును రెండు చేతులా ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి, వేపచెట్టుకు ఆనించింది. సుద్దముక్క తీసుకుంది. మావైపు వీపు పెట్టి నిలబడి, కాగితం చూడకుండా రాసింది.

మంగళవారం.

దాని కింద, మంగమ్మ.

దాని కింద, మంగళహారతి.

అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, నేను నేర్పినట్టే. మనోరమ గారి చెయ్యి సంచిలోనే ఆగిపోయింది.

ద్వాళి ఒక్క క్షణం నిలబడి, కొంగుతో సుద్ద చెయ్యి తుడుచుకుంది. మళ్లీ వంగి, అన్నిటికీ కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఇంకొక మాట రాసింది. అది పరీక్షలో లేనిది.

మంగీలాల్‌కు అక్షరం ముక్క రాదు. "బిడ్డా, గా కింద రాసింది ఏంది? గదొక్కటి లావుగున్నది" అని అడిగాడు.

రాసిన మనిషి చెప్పలేదు. చెప్పదు కూడా. నేనే చెప్పాల్సి వచ్చింది.

"నీ పేరే నాయకా. మంగీలాల్ అని రాసింది."

ఆయన బోర్డు దగ్గరికి వెళ్లాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. వేలు అక్షరాలకు తగలకుండా, గాలిలోనే ఆ చివర నుంచి ఈ చివర దాకా జరిపాడు. ఇన్నేళ్లలో ఆయన పేరును ఎవరూ రాసి ఆయనకు చూపించలేదు.

"గింత పొడుగుంటదా నా పేరు!" అన్నాడు. నవ్వుతున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. "ఎవ్వరు తుడువకుండ్రి. చెప్తున్న, ఎవ్వరు తుడువొద్దు!"

మనోరమ గారు మడిచిన కాగితం మళ్లీ తీసి, తను పెట్టిన పెన్సిలు గీతలన్నీ రబ్బరుతో చెరిపేశారు. "పిల్లలకు రేపటి నుంచే కథలు చెప్పమ్మా" అన్నారు. ఆ తర్వాత తండాలో రేగిన గోల చెప్పలేను. ధర్మా ఎక్కడి నుంచో డప్పు పట్టుకొచ్చాడు. ఆడవాళ్లు నన్నూ, మనోరమ గారినీ చెరొక చెయ్యి పట్టుకుని ఆటలోకి లాగారు. ఆవిడ పెన్సిలు ఆ తొక్కిసలాటలో ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఆ పేరును మంగీలాల్ నిజంగానే తుడవనివ్వలేదు. బోర్డులో సగం జాగా ఆయనదే. పొద్దున పిల్లలకు ద్వాళి, సాయంత్రం పెద్దలకు నేను, పైన మిగిలిన ఆ కాస్త చోటులోనే అ ఆలు ఇరికించి రాయాల్సి వచ్చేది. కోపం రాదా మరి? వచ్చేది. పోట్లాడేదాన్ని. ఆయన సుద్దముక్క తెచ్చి, ఎక్కడన్నా మాసితే ద్వాళితో మళ్లీ దిద్దించి పోయేవాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఈ సంగతంతా మా అమ్మకు చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తట్టుతూ వింది. "మంగమ్మ కొమ్ముకు" దగ్గర పడీపడీ నవ్వింది. బోర్డు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడిపోయింది, చూసుకోలేదు.

"రాస్తే తప్పులేదానె?" అని అడిగింది.

"నోటితోని అన్లేదు గదమ్మా. తప్పేంది?"

లేచి, పిండి చేతులు కడుక్కుంది. అటూ ఇటూ చూసింది. మా బాపు అరుగు మీద ఎవరితోనో ముచ్చట్లలో ఉన్నాడని రూఢి చేసుకుంది. చేట కింద నుంచి పలక తీసి, దుమ్ము కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది.

"అ ఆలు తర్వాత నేర్సుకుంట గని" అంది, కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని, "ముందుగాల మీ బాపుది ఎట్ల రాస్తరో చూపియ్యి."